భోజన వసతి కొనుగోలుదారుదే

"ఆయనకి చేప వాసన పడదంట. ఉన్నన్నాళ్ళూ ఇంట్లో చేప వండకు," అన్నారు మా ఆయన, చేతిసంచీ నాకిచ్చి కొట్టులోకి వెళ్ళిపోతూ. సంచీలో లేత పనసకాయ, అరటికాయలు, మునక్కాడలు, ఫిల్టరు కాఫీ పొడి పొట్లం. ఆ పొడి మన ఊళ్ళో దొరకదని రాజమండ్రి వెళ్ళే మనిషికి చెప్పి మరీ తెప్పించారు. పన్నెండేళ్ళ కాపురంలో నాకు ఒంట్లో బాగాలేదంటే పక్క వీధి దాకా మనిషిని పంపింది లేదు. మద్రాసు నుంచి మిషను కంపెనీ మనిషి దిగుతున్నాడనేసరికి కాఫీ పొడి కోసం గోదావరి దాటించారు. సంచీ అందుకున్నాను. అందుకున్నట్టు కంటికి తెలిసింది గానీ చేతికి తెలియలేదు. నా కుడిచేతి వేళ్ళకి అప్పటికే స్పర్శ పోయింది. సంచీ జారి పనసకాయ కాలి మీద పడ్డాక అబ్బా అనుకున్నాను. "చూసుకు పట్టుకోలేవేంటే," అని కొట్టులోంచి వినబడింది.

మాది అమలాపురం బజారులో స్టీలు సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక చీకటిగది. ఈ సీమలో గిన్నె కొన్నవాళ్ళు దాని మీద పేరు కొట్టించుకోకుండా పట్టుకెళ్ళరు. పెళ్ళికైనా, గుడిలో క్రిస్మసు భోజనాలకైనా వీధి వీధంతా గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటారు కదా, పేరు లేని గిన్నె మళ్ళీ ఇంటికి రాదు. ఆ పేర్లు కొట్టేది నేను. గిన్నె మీద సన్నటి ఉలి ఆనించి, చిన్న సుత్తితో టక్కుటక్కుమని చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతే అక్షరం అవుతుంది. మొదట్లో ఈ పని మా మావగారిది. కళ్ళు మసకబారాక, "అమ్మాయ్ కృపావతీ, నీ రాత గుండ్రంగా ఉంటాది, కాస్త పెన్నుతో గీసిపెట్టమ్మా, నేను దాని మీద కొట్టుకుంటాను," అన్నారు. గీశాను. కొన్నాళ్ళకి గీతలు కూడా కనబడక సుత్తి నా చేతికిచ్చారు. ఆయన పోయి, జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు పొద్దున్నే మా ఆయన బిందెలు తెచ్చి చీకటిగదిలో దింపి, "మధ్యాహ్నానికి కావాలంట," అన్నారు. అంతే. చేస్తావా అని అడిగినవాళ్ళు లేరు. అడగాలని తోచినవాళ్ళు కూడా లేరు.

పేరు కొట్టినందుకు గిరాకీలు ఇచ్చే డబ్బు గల్లాలో పడేది. అందులో నాకేమైనా అని ఒకసారి నవ్వుతూనే అడిగాను. ఆయన కూడా నవ్వారు. "ఇంట్లో మనిషికి కూలేంటే? రేపు అన్నం పెట్టినందుకు నువ్వు నాకు బిల్లేస్తావా?" అన్నారు. ఆ మాట నాలుగు రోజులు కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఆదివారం గుడి గుమ్మంలో, కానుక వేయడానికి మా ఎస్తేరు చేతిలో చిల్లర పెట్టి, ఆ తర్వాత నా చేతిలో పెట్టేవారు. పిల్లకి తొమ్మిదేళ్ళు. నాకు ముప్ఫై దాటాయి. ఇద్దరం ఆయన ఇచ్చింది పట్టుకుని లోపలికి నడిచేవాళ్ళం.

చెయ్యి ఒక్కరోజులో చెడలేదు. ముందు మణికట్టు లాగింది, ఆ పైన తిమ్మిర్లు, ఆ పైన చూపుడువేలు తెల్లగా పాలిపోయి గిల్లినా తెలియకుండా పోయింది. జడ వేస్తుంటే, "అమ్మా, మధ్య పాయ వదిలేసేవు," అనేది ఎస్తేరు. వేడి గిన్నె చేత్తో దింపేసి, చర్మం కమిలాక చూసుకునేదాన్ని. డాక్టరుగారు నా వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసి, "ఈ సుత్తి మానకపోతే రేపు అన్నం కలుపుకోడానికి కూడా పనికిరాదమ్మా ఈ చెయ్యి," అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అత్తగారు సువార్తమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మేం దంపలేదా, రుబ్బలేదా, మా చేతులు పడిపోయేయా? ప్రార్థన చేసుకో," అన్నారు. చేసుకున్నాను. అబద్ధమెందుకు, ఏడ్చి ఏడ్చి చేసుకున్నాను. రెండు చేతులూ జోడిస్తే కుడిచేతికి ఎడమచెయ్యి తగిలినట్టు కూడా ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే కాకినాడ వెళ్ళినప్పుడు ఒక కొట్టులో మిషను చూశాను. అరచేతంత ఇత్తడి అక్షరాలు వరసగా బిగించి పెట్టారు. ఒక పుల్లలాంటిదాన్ని ఆ అక్షరం గాడిలో తిప్పుతుంటే, అవతల మోటారుకి తిరిగే సూది అదే అక్షరాన్ని చిన్నదిగా రేకు మీద చెక్కేస్తోంది. సుత్తి లేదు, దెబ్బ లేదు. ఆ కొట్టతను మాట్లాడుతూ మాట్లాడుతూనే రెండు వేళ్ళతో నడిపిస్తున్నాడు. నేను అక్కడి నుంచి కదల్లేకపోయాను. బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా చెయ్యి పోకుండా ఉండే దారి ఒకటి ఈ భూమ్మీద ఉందని తెలిసినందుకు ఏడుపొచ్చింది, అది నా వాళ్ళు కొనిపెట్టరని తెలిసి ఇంకా ఎక్కువ వచ్చింది. "మిషనా? మనింట్లో మిషనుండగా ఇంకోటెందుకు?" అన్నారు మా ఆయన, నన్ను చూపిస్తూ. ముద్దుగానే అన్నారు లెండి.

మరి ఎలా కొన్నారంటే, నా చెయ్యి చూసి కాదు. బ్యాంకు బంగారరాజుగారు కొట్టులో చెంబు బేరం చేస్తూ, "ప్రకాశరావుగారూ, పని తెలిసిన ఆడమనిషి పేరు మీద అప్పు తీసుకుంటే వడ్డీ తక్కువండీ, కొంత మాఫీ కూడా అవుతాది," అన్నారు. ఆ మాటతో మా ఇంట్లో నా హోదా మారిపోయింది. మర్నాడే బ్యాంకుకి తీసికెళ్ళారు. "మా కృపావతి చాలా పనిమంతురాలండీ, ఈవిడ చేతిలో కళుంది," అన్నారు మా ఆయన అక్కడి వాళ్ళతో. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఉలీ సుత్తీ పట్టుకెళ్ళి వాళ్ళ ముందు ఒక పళ్ళెం మీద బ్యాంకు పేరు కొట్టి చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. ఇంటికొచ్చాక చెయ్యి రెండు రోజులు లేవలేదు.

కంపెనీ వాళ్ళ షరతులు ఉత్తరంలో వచ్చాయి. సొమ్ము మూడు వంతులు. మొదటి వంతు ఆర్డరుతో మేం కట్టాలి. అది ముమ్మిడివరంలో మా అమ్మ మార్తమ్మ మెడలోని గొలుసుతో కట్టాం. రెండో వంతు మిషను దిగాక బ్యాంకు కడుతుంది. మూడో వంతు మాత్రం ట్రైనింగు పూర్తయ్యాక. అప్పు ఎవరి పేరున ఉందో ఆ మనిషి, నాకు పని పూర్తిగా వచ్చింది అని సంతకం పెట్టాకే బ్యాంకు ఆ సొమ్ము వదలాలి. ట్రైనింగు ఒక్క మనిషికి, ఆరు రోజులు. మద్రాసు వెళితే వాళ్ళే బస చూస్తారు. వాళ్ళ మనిషే ఇక్కడికి వస్తే ఆయన భోజన వసతి కొనుగోలుదారుదే. "ఆడదానివి, మద్రాసులో ఆరు రోజులుంటావా?" అని ఒకరు, "లోకమేమంటాది," అని ఒకరు. సరే, ఆయన్నే రమ్మనండి అన్నాను. నేను నిజంగా సంతోషించాను. ఇంట్లోనే నేర్పుతారు, నా గదిలోనే నేర్పుతారు, ఇంకేం కావాలి అనుకున్నాను. ఇల్లే అడ్డమని అప్పుడు తోచలేదు.

ఇంకో మాట. వాళ్ళ దగ్గర ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయిట. తెలుగు కావాలంటే మందపాటి అట్టల మీద పెద్దగా రాసి పంపితే ఇత్తడిలో తీసి పంపుతామన్నారు. మధ్యాహ్నాలు కూర్చుని నేనే రాశాను. పెన్ను నిలవక వేళ్ళకి గుడ్డపేలికతో కట్టుకుని రాశాను. గుణింతాలు, ఒత్తులు అన్నీ. మిషనుతో పాటు ఆ అక్షరాలు పెట్టెలో తళతళలాడుతూ వచ్చినప్పుడు మా మరిది పాపారావు ఒకటి తీసి చూసి, "కంపెనీ వాళ్ళ రాత ఎంత బాగుంది వదినా," అన్నాడు.

పాపారావు మా ఆయనకి ఒక్కడే తమ్ముడు. డిగ్రీ తప్పి, ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తూ, రోజుకి మూడుసార్లు తల దువ్వుకుంటూ ఉంటాడు. చెడ్డవాడు కాదు. వాడి చేతికి ఎప్పుడూ ఏదీ అడ్డం రాలేదు, అంతే.

ట్రైనరుగారు సోమవారం పొద్దున్న దిగారు. సన్నగా, నుదుట విభూతితో, తెలుగూ అరవమూ కలిపి మెత్తగా మాట్లాడే మనిషి. పెట్టె విప్పుతూ, "కృపావతి ఎవరండీ?" అని అడిగారు. ఉతికిన చీర కట్టుకుని, తల గట్టిగా ముడేసుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నాను. "ఇది బెల్టు, ఇది స్విచ్చి కాదు, స్విచ్చి అటు..." అని ఆయన మొదలుపెట్టారో లేదో, "ఏమే కృపా, ఆయన ఇంకా టిఫిను చెయ్యలేదు కదే," అని అత్తగారి కేక. లేచాను. ఇడ్లీ వాయ దించి, కొబ్బరి పచ్చడి రుబ్బి, కాఫీ కలిపి పళ్ళెం పట్టుకొచ్చేసరికి ముక్కాలిపీట మీద పాపారావు ఉన్నాడు. "నువ్వు పని చూసుకో వదినా, నేను నేర్చుకుని నీకు చెప్తాను," అన్నాడు. ట్రైనరుగారు మా ఆయన వంక చూశారు. "ఆవిడకి వంటతో కుదరదండీ. మా తమ్ముడైతే చదువుకున్నాడు," అన్నారు మా ఆయన. నా ట్రైనింగు అంతే. ఇడ్లీ ఉడికేపాటి సేపు పట్టింది.

చెప్పండి, ఇందులో ఎవరిని తిట్టను? ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు, వద్దు అని కూడా అనలేదు. ఆకలేసిన మనిషికి అన్నం పెట్టమన్నారు. అది తప్పంటే నేనే రాక్షసిని. గోడ అవతల మోటారు జుయ్యిమంటుంటే ఇవతల నేను కత్తిపీట ముందు పనసపొట్టు తరుగుతున్నాను. మా అత్తగారు మరీ పట్టుబట్టి చేయించారు, అరవాయన మన పనసపొట్టు కూర ఎన్నడూ తిని ఉండడని. నూనె రాసుకున్నా చేతుల నిండా బంక. ఆయన మాటలు వినబడేవి, 'ఇట్లా తిప్పాలి, ఇక్కడ వదలాలి' అని. ఇట్లా అంటే ఎట్లాగో గోడకి ఇవతల నుంచి ఎలా తెలుస్తుంది? టిఫిను, కాఫీ, భోజనం, మళ్ళీ కాఫీ, రాత్రి చపాతీ. మధ్యలో ఖాళీ దొరికితే తలుపు దగ్గరికి వెళ్ళేదాన్ని. వెళ్ళేసరికి ఆయన చేతులు కడుక్కుంటూ ఉండేవారు, తర్వాతి పూట భోజనానికి.

మూడోరోజు ఇంక ఉండబట్టలేక సాంబారు వడ్డిస్తూ అడిగేశాను. "గుండ్రంగా ఉండే గిన్నెల్ని దానికి ఎలా బిగించాలండీ? మాకొచ్చేవన్నీ గిన్నెలూ బిందెలేనండీ." ఆయన చెయ్యి ఆపి చెప్పబోయారు. "ఆయన్ని తిననియ్యవే, విస్తరి ముందు పనేంటి," అన్నారు మా ఆయన. ట్రైనరుగారు తలొంచుకుని, "దానికి వేరే బిగింపు ఉందమ్మా, చివరి రోజు చెప్తాను," అన్నారు. చివరి రోజు. ఆ మాట పట్టుకుని ఆ రెండు రోజులూ బతికాను. పాపారావు ఈలోగా చదును రేకుల మీద తన పేరు ఇంగ్లీషులో రకరకాలుగా చెక్కుకుని కిటికీలో పెట్టుకున్నాడు.

శనివారం వచ్చింది. ఆ రోజు రాజోలులో పెద్దిరాజుగారబ్బాయి పెళ్ళి. సామానంతా మా దగ్గరే కొన్నారు. "వెళ్ళకపోతే బాగోదు, సాయంత్రానికల్లా వచ్చేస్తాం," అని అన్నదమ్ములిద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వెళ్ళిపోయారు. ట్రైనరుగారు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి. నాకు ఆశ పుట్టింది. మిషను ఉంది, నేర్పే మనిషి ఉన్నాడు, ముక్కాలిపీట ఖాళీగా ఉంది. ఏ పూటకా పూట లేవకుండా మొత్తం వంట పొద్దున్నే ముగించి, కాఫీ ఫ్లాస్కులో పోసి, చేతులు కడుక్కుని చీకటిగది వైపు నడిచాను. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని మా అత్తగారు బైబిలు చదువుకుంటున్నారు.

"ఎక్కడికే?"

"మిషను దగ్గరికండీ. ఇవాళ గిన్నెల బిగింపు చెప్తానన్నారు."

"మగాళ్ళు లేని ఇంట్లో పరాయి మగాడి పక్కన కూచుంటావా? బుద్ధుందా?"

"తలుపులన్నీ తీసే ఉంటాయి అత్తయ్యగారూ. మీరూ వచ్చి కూర్చోండి. ఎస్తేర్ని కూడా కూచోబెడతాను."

"పక్క కొట్లో వాళ్ళు తొంగి చూస్తే నీకు నేను సమాధానం చెప్పలేను. ఆళ్ళు రానీ."

ఆళ్ళు వచ్చేసరికి ఆయన వెళ్ళిపోతారని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కూర్చున్నానని మర్యాదకి అంటున్నాను, కాళ్ళు పట్టుకున్నాను. నా చేతులు చూపించాను. "ఈ చెయ్యి పోతోందండీ, మీ కోడల్ని కాకపోయినా మనిషిననైనా చూడండీ," అన్నాను. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. "మోకరిస్తే దేవుడి ముందు మోకరించు, నా ముందు కాదు," అన్నారు. ఆవిడ కంఠం కూడా వణికింది, అది నేను విన్నాను. అయినా కుర్చీ జరపలేదు.

ఇదంతా వింటున్న ట్రైనరుగారు గదిలోంచి బయటికొచ్చారు. ఇంక సిగ్గేమిటని, అత్తగారి భుజం మీదుగా ఆయన్నే అడిగాను, "ట్రైనింగు నా పేరు మీదే కదండీ?" అని. "అవునమ్మా," అన్నారు ఆయన, నేల చూస్తూ. "ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటే నేనేం చెయ్యనండీ. నాకూ అక్కచెల్లెళ్ళున్నారు." ఆ మాటకి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన అక్కచెల్లెళ్ళకి కూడా ఎవరూ ఏమీ నేర్పలేదనా? వరండాలో పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనం పెట్టాను. పనసపొట్టు కూర మళ్ళీ అడిగి వేయించుకుని, చాలా బాగుందమ్మా అన్నారు. సాయంత్రం సంచీ తగిలించుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. గిన్నెల బిగింపు నూనెకాగితం కూడా విప్పకుండా పెట్టెలోనే ఉండిపోయింది. అన్నదమ్ములు చీకటి పడుతుండగా పెళ్ళి లడ్డూలతో వచ్చారు.

వారం తిరక్కుండా కొట్టుకి బోర్డు కట్టారు, 'ఇచ్చట మిషను మీద పేర్లు చెక్కబడును' అని. బోర్డు చూసి కొత్తపేట నుంచి కూడా జనం వచ్చారు. వకీళ్ళ పేరుపలకలు, స్కూళ్ళ షీల్డులు, చదునుగా ఉన్నవన్నీ పాపారావు చెక్కేవాడు. గిన్నెలొస్తే, "వదినా, గుండ్రటివి నాకు రావు, నువ్వు కొట్టెయ్," అని నా ముందు పెట్టేవాడు. మిషను వచ్చాక నా సుత్తి పని రెట్టింపైంది. పైగా మా ఆయన, "మిషను మీద చేసినట్టుండాలే, చుక్కలు కనబడకూడదు," అని కొత్త షరతు పెట్టారు. చుక్కలు కనబడకూడదంటే ఇంకా దగ్గరగా, ఇంకా ఎక్కువ దెబ్బలు కొట్టాలి. సుత్తి జారిపోతుంటే చేతికి గుడ్డతో కట్టుకుని కొట్టాను. "మిషను పని ఎంత నున్నగా ఉందో," అని గిన్నె నిమిరి చూసుకుంటూ వెళ్ళేవాళ్ళు గిరాకీలు. ఒక మధ్యాహ్నం కత్తిపీట ముందు కూర్చుని, ఈ చెయ్యి తెగిపోతే ఇంక ఎవరూ పని చెప్పరు కదా అని చాలాసేపు చూశాను. ఎస్తేరు బళ్ళోంచి వచ్చి, "అమ్మా, ఆకలి," అంది. లేచి అన్నం పెట్టాను.

నా అంతట నేను ప్రయత్నించలేదా అంటారేమో. ప్రయత్నించాను. పాపారావు సినిమాకి వెళ్ళినప్పుడు ఆ బిగింపు తీసి, ఎలా తోస్తే అలా గిన్నె బిగించి స్విచ్చి వేశాను. గిన్నె తిరిగిపోయి సూది పుటుక్కున విరిగింది. "తెలీనిదాంట్లో వేలెందుకు పెడతావు?" అన్నారు మా ఆయన. ఆ సాయంత్రం నుంచి మిషనుకి గుడ్డ కప్పి, స్విచ్చి పెట్టెకి తాళం వేశారు. తాళంచెవి పాపారావు మొలతాడుకి వేలాడేది.

మార్చి వచ్చింది. మూడో వంతు సొమ్ము కోసం కంపెనీ వాళ్ళు ఉత్తరం మీద ఉత్తరం రాశారు. సంతకం లేనిదే బ్యాంకు వదలదు. నెలాఖరు దాటితే వడ్డీ మాఫీ ఉండదు. బంగారరాజుగారు స్వయంగా వస్తానన్నారు. ఆ పొద్దున్న అందరూ నా చుట్టూ చేరారు. మిషను దిగినప్పుడు కూడా నా చుట్టూ ఇంతమంది చేరలేదు.

"వచ్చిందా అని అడుగుతారు, ఆయ్ అను, సంతకం పెట్టెయ్," అన్నారు మా ఆయన.

"తర్వాత తీరిగ్గా నేర్చుకుందువు గాని," అన్నారు అత్తగారు.

"నేనున్నాను కదా వదినా," అన్నాడు పాపారావు.

అట్ల పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ విన్నాను. అప్పుడు నాకు తట్టింది. ఆ మూడో వంతు చేతిలో పడేదాకానే కంపెనీకి మాతో పని. నేను ఆ సంతకం పెట్టిన క్షణం నుంచి మద్రాసు మనిషి ఈ గుమ్మం తొక్కాల్సిన అవసరం లేదు. ఈ లోకంలో నాకు ఆ పని నేర్పించే తాడు ఒక్కటే ఉంది, అది కట్టని ఆ సొమ్మే. అది నా చేతులతో నేనే తెంపాలి, అదీ నవ్వుతూ. పెట్టకపోతే? కంపెనీ కోపమొచ్చి మిషను వెనక్కి తీసుకుపోవచ్చు. అమ్మ గొలుసు పోతుంది. ఈయన నన్ను ముమ్మిడివరం బస్సెక్కించవచ్చు. ఒకసారి ఉప్పు ఎక్కువైందని ఎక్కించారు కూడా. అక్కడ అమ్మకి ఉన్నది ఒక్క గది. ఎస్తేర్ని నాతో పంపరు. పెనం మీద అట్టు మాడిపోయింది, అది కూడా ఎవరో చెబితే చూశాను.

బంగారరాజుగారు వచ్చారు. కాఫీ ఇచ్చాను. కాగితాలు గల్లాపెట్టె మీద పరిచి, పెన్ను మూత తీసి నా వైపు పెట్టారు. "ఏమ్మా కృపావతిగారూ, మిషను మీద పని వచ్చేసినట్టేనా?" అన్నారు, కాఫీ ఊదుకుంటూ.

మా ఆయన నవ్వుమొహంతో నన్నే చూస్తున్నారు. తలుపు వెనక అత్తగారి గాజుల చప్పుడు ఆగింది. ఒక్క మాట. ఆయ్ అంటే సాయంత్రానికి అందరూ మామూలుగా అన్నం తింటారు.

"రాలేదండీ," అన్నాను.

"మొహమాటమండీ," అన్నారు మా ఆయన వెంటనే. "మా ఆడవాళ్ళు వచ్చినా వచ్చిందనుకోరండీ."

"నాకు స్విచ్చి వెయ్యడం కూడా చూపించలేదండీ. ఇప్పుడు దానికి తాళమేసి ఉంది. నన్ను తియ్యమనండి, నా దగ్గర తాళంచెవి లేదండీ."

బంగారరాజుగారు గ్లాసు కింద పెట్టేరు. "మరి ఆయన ఆరు రోజులున్నాడు కదమ్మా. ఆరు రోజులూ మీరేం చేసేరు?"

"ఆయనకి వంట చేసేనండీ."

బంగారరాజుగారు మా ఆయన వంక చూసి, "ఏంటండీ ప్రకాశరావుగారూ, నెలాఖరులో నాకీ తలనొప్పి," అని విసుక్కున్నారు. నా మీద జాలిపడ్డారని నేననుకోను. తన కాగితాలకి మాట వస్తుందని ఆయన భయం ఆయనది. "మీరు బాగా ఆలోచించుకోండమ్మా. మీరు కాదంటే నేను సొమ్ము ఆపెయ్యాలి. వడ్డీ మాఫీ పోతాది. కంపెనీ వాళ్ళు తగువుకొస్తారు. ఆపెయ్యమంటారా?"

గల్లాపెట్టె అంచు పట్టుకున్నాను, ఎడమచేత్తో.

"ఆపెయ్యండి," అన్నాను. "ఆయన్ని మళ్ళీ పంపమని రాయండి. నాకు నేర్పిన రోజున నేనే బ్యాంకుకొచ్చి సంతకం పెడతానండీ."

ఆయన ఆ మాటలే కాగితం మీద రాసుకుని, పెన్ను మూత పెట్టుకుని వెళ్ళిపోయారు. పాపారావు మొలతాడు తాళంచెవి తడుముకుంటున్నాడు. మా అత్తగారు తలుపు వెనక నుంచి బయటికి రాలేదు, నన్ను తిట్టలేదు. మా ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. అరుస్తారనుకున్నాను. ముమ్మిడివరం బస్సు పేరెత్తుతారనుకున్నాను, నా గుడ్డలు ఏ సంచీలో సర్దుకోవాలో కూడా అప్పుడే అనుకున్నాను. కానీ వీధిలో జనం ఉన్నారు. ఆయన పళ్ళు బిగించి, గొంతు తగ్గించి అడిగారు.

"మళ్ళీ తగలడతాడే ఆడు, ఆరు రోజులు. నువ్వు పొద్దస్తమానూ ఆ మిషను ముందు కూచుంటే, ఆడికి మూడు పూటలా ఎవడే వండి పెట్టేది?"

బంగారరాజుగారి కాఫీ గ్లాసు ఎడమచేత్తో తీసుకున్నాను.

"మీ తమ్ముడు ఖాళీయే కదండీ," అన్నాను. "ఈలోగా వంట నేను నేర్పుతాను."